దేవుడి బల్బు మీదుగా వచ్చిన కరెంటు

మే 19, సోమవారం

పక్కగది ఖాళీ అయింది. కందిపొట్టు సంచులన్నీ తమ్ముడు శీను మోసుకుపోయాడు, గొర్రెలకు పనికొస్తుందని. చిమ్మి, కడిగి, సున్నం కొట్టాం. కిటికీ కింద చెల్లెలు సుబ్బులు కుట్టుమిషన్ పెడుతుంది. మోటారు బిగించినది. కాలితో తొక్కే వయసు దాటింది దానికి.

పొదిలిలో ఏళ్ళ తరబడి ఎవరి దుకాణంలోనో కుట్టింది. ఇప్పుడు సొంతంగా కుట్టుకోవాలని వచ్చింది. ఉండిపోతానని మాత్రం అనలేదు. "బడి తెరిచేలోగా మిషన్ నడిస్తే ఉంటానక్కా. లేకుంటే పొదిలికే పోతా, ఆ దుకాణమామె ఇంకా పిలుస్తానే ఉంది."

తలూపాను. స్వామీ, నడిపించు.

మే 21

వైరింగు శీనే చేస్తానన్నాడు. చేలో బోరు మోటారు విప్పి బిగించేవాడికి ఇదొక పనా అని.

నేను ఒక్కటే చెప్పాను. ఇది కొత్త లైను. ముందు చెన్నకేశవుడి పటం దగ్గర బల్బు. ఆయనకు పెట్టాకే గదికి. అన్నమైనా, కొత్త బట్టయినా, తొలి మామిడిపండయినా ఆయన ముందు పెట్టకుండా ఈ ఇంట్లో ఎవరమూ ముట్టం. కరెంటుకు వేరే పద్ధతెందుకు?

"అట్లనే అక్కా" అన్నాడు. వాడు నా మాటకు ఎదురు చెప్పడు.

మే 23

గిద్దలూరు పోయి వైరు తెచ్చాడు. సాయంత్రానికి పని అయింది. స్విచ్చి వేస్తే గదిలో లైటు తెల్లగా వెలిగింది. పటం దగ్గర ఎర్ర జీరోబల్బు మాత్రం — నూనె అయిపోవచ్చిన దీపంలా, మసకగా.

జీరోబల్బు అంతే ఉంటుంది అన్నాడు శీను. సరేననుకున్నాను. పాయసం చేశాను.

మే 24

తెల్లవారి చూస్తే స్వామి బల్బు ఆరి ఉంది. తిప్పి బిగించాను. వెలగలేదు. ఇంతలో సుబ్బులు లేచి తన గదిలో లైటు వేసుకుంది. ఇక్కడ ఎర్రగా వెలిగింది.

చేతులు జోడించాను. ఏమిటో అర్థం కాలేదు.

మే 26, సోమవారం

మిషన్‌కు పసుపు, కుంకుమ. కొబ్బరికాయ. సుబ్బులు కూర్చుని మోటారు నొక్కింది. నేను పటం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటున్నాను — బల్బు ఒక్కసారిగా జ్యోతిలా వెలిగింది. ఆయనకు ఇష్టమైందనుకున్నాను. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

వెనక నుంచి నెమ్మదిగా... "తిరగడం లేదక్కా."

చప్పుడన్నా లేదు. ఇస్త్రీపెట్టె పెట్టి చూసింది. చల్లగా ఉంది. అది పెట్టగానే గదిలో లైటు కూడా పోయింది. స్వామి బల్బు మాత్రం నిండుగా. ఫ్యాను తిరగాలా వద్దా అన్నట్టు ఊగింది.

"నా ఇస్త్రీపెట్టె వేడంతా ఆయనే కాచుకుంటున్నాడు" అంది సుబ్బులు. నవ్వుతూనే అంది. ముఖం మాత్రం నవ్వడం లేదు.

మోటారు చెడిందేమోనని శీను తన ఇంటికి ఎత్తుకుపోయి చూశాడు. అక్కడ గిర్రున తిరిగిందట.

మే 27

సుబ్బులు ఒప్పుకున్న బడిపిల్లల యూనిఫారాల గుడ్డ వచ్చింది. నీలం, తెలుపు. మంచం నిండా తానులు.

పొదిలి నుంచి ఫోను. సుబ్బులు వాకిట్లోకి పోయి మాట్లాడింది. "రెండు మూడు రోజుల్లో చెప్తా" అన్నది వినపడింది. చేతిలో జపమాల తిరుగుతోంది, స్వామి పేరు మాత్రం ఒక్కచోటే ఆగిపోయింది.

మే 28

దొరికింది.

పొద్దున పటం తుడుస్తూ సుబ్బులు జీరోబల్బు ఊడదీసింది. గదిలో లైటు పోయింది. మళ్ళీ బిగించింది. వచ్చింది. ఇంకోసారి తీసింది. అప్పుడు శీనును కేకేసింది.

వాడు ఫ్యూజు పీకి, బోర్డు విప్పి, చాలాసేపు తీగల్నే చూస్తూ కూర్చున్నాడు.

"కరెంటు బల్బులోకి పోయి, ఆడి నుంచి బయటికొచ్చి, అప్పుడు గదికి పోతాందక్కా."

ఎందుకట్లా వేశావని అడిగాను.

"నువ్వే చెప్పినావు గదా. ఆయన ముట్టినాకే మనకు రావాలని. ప్రసాదం మాదిరి."

సుబ్బులు నవ్వీ నవ్వీ తానుల మీద కూలబడింది. నాకూ ఆగలేదు. వాడొక్కడే నవ్వలేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసినవాడు.

తర్వాత వివరంగా చెప్పాడు. తీగ ఒకటే. దాని మీద ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు, ముందు బల్బు, వెనక గది. బల్బులోంచి ఎంత పారితే గదికీ అంతే. జీరోబల్బు దారి సన్నం. గొర్రెల తొట్టికి నీళ్ళు సన్న గొట్టంలోంచి పట్టినట్టు, వెనక ఎంత పెద్ద తొట్టి పెట్టినా వచ్చేది ఆ ధారే. గదిలో లైటుకు కొంచెం చాలు కాబట్టి వెలిగింది. మోటారుకూ ఇస్త్రీపెట్టెకూ చాలా కావాలి. వాటి దాకా వచ్చేసరికి సత్తువంతా బల్బు దగ్గరే అయిపోతోంది. అందుకే బల్బు అంత వెలుగు. పైగా ఎక్కడ తెగినా అందరికీ ఆగిపోతుంది. ఊడదీసింది బల్బునైతే గదికి చీకటి. గదిలో ఏదీ వేయకపోతే స్వామికి చీకటి.

విడివిడిగా వేయాలట. పెద్ద లైను నుంచి ఒక పాయ బల్బుకు, ఇంకో పాయ గదికి. ఎవరి దారిన వాళ్ళు వచ్చి, ఎవరి దారిన వాళ్ళు పోవడం. ఇద్దరికీ నిండుగా అందుతుంది.

"కాకపోతే ఒకటక్కా. అట్ల వేస్తే స్వామి బల్బు ఆరినా దీని గది వెలుగుతాది. నువ్వు చెప్పిన మాట పోతాది. ఏం చేద్దాం?"

సుబ్బులు నా వైపు చూడకుండా గుడ్డ మడతలు పెడుతోంది.

లైను ముందు ఎవరి గోడ మీదుగా పోతుందని అడిగాను. స్వామి గోడ మీదుగానే అన్నాడు.

"చాలురా. విడిగా వెయ్యి."

మే 29, గురువారం

మిషన్ నడిచింది. నడిచిందీ నడిచిందీ — పొద్దుటి నుంచి ఒకటే చప్పుడు, పక్కన రైలు పోతున్నట్టు. వెళ్ళి వెళ్ళి పటం చూసి వచ్చాను. మోటారు నొక్కినా, ఆపినా స్వామి బల్బు కన్నార్పలేదు. ఆయన వంతు ఆయనకు, దాని వంతు దానికి. ఒకరి వల్ల ఒకరికి తగ్గలేదు.

స్తోత్రం మధ్యలో మిషన్ చప్పుడు అడ్డం అనిపించలేదు. తాళంలా ఉంది.

జూన్ 2

మిషన్, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, వంటింట్లో మిక్సీ — అన్నీ ఒక్కసారే. ఫ్యూజు పోయింది. మీటరు దగ్గర తీగ ముట్టుకుంటే వెచ్చగా ఉందట.

విడివిడిగా ఇచ్చినా అందరి బరువూ చివరికి ఒక్క తీగ మీదే పడుతుందన్నాడు శీను. ఎంతమంది కలిస్తే దానికి అంత భారం. ఆ పాత తీగ నాయన వేయించినది. తీసేసి లావు తీగ వేశాడు.

"అందరికీ నిండుగా ఇయ్యాలంటే మొదటి తీగ లావుగా ఉండాలక్కా."

పోతూ పోతూ అన్నాడు. ఊరికే అన్నాడు.

జూన్ 5

కుడుతూనే ఉంది. చేటలో బియ్యం చెరుగుతుంటే నీలం దారపు ముక్కలు.

జూన్ 8, ఆదివారం

బడి బట్టలు సగం పైనే అయ్యాయి. బడి తెరిచే లోపల అన్నీ అవుతాయట. సంతోషం.

మధ్యాహ్నం గుండీలు కుడుతూ, తలెత్తకుండా అడిగింది. "అక్కా, నువ్వు పూజ చేసి నైవేద్యం పెట్టేసరికి పొద్దెక్కుతాది. కూర్చొని కుట్టేదానికి కళ్ళు తిరుగుతాయి. పక్కగదిలో చిన్న పొయ్యి పెట్టుకుంటా."

అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి ఒకటే. దాని ముందు నేనే.

పొదిలికి పోవు గదా అని అడిగాను.

"పోయేదాన్ని పొయ్యి ఎందుకు అడుగుతా?"

స్వామిని అడిగి చెబుతానన్నాను.

"స్వామిని అడుగు. శీనుగాన్ని మాత్రం అడగొద్దు, గ్యాసు కూడా ఆయన మీదుగానే పట్టుకొస్తాడు."

నవ్వాను. కానీ సాయంత్రం పూజలో మనసు నిలవలేదు.

జూన్ 9

పొద్దుటి పూజ అయింది. సుబ్బులు ఆకలితో కుడుతూ కూర్చుని ఉంది. దాని చెయ్యి ఒకటి రెండుసార్లు ఆగడం చూశాను. ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదో.

పొయ్యి పెట్టుకోమన్నాను.

జూన్ 11

బట్టల మూటలు ఆటోలో పోయాయి. సుబ్బులు వెంట పోయి అప్పగించి వచ్చింది. వస్తూ వస్తూ రవ్వ, పోపు డబ్బా, ఒక గంటె తెచ్చుకుంది. కొత్త గంటె స్వామి ముందు పెట్టి, కుంకుమ అద్ది, తన గదిలోకి తీసుకుపోయింది. నేను చెప్పలేదు.

పొదిలి ఆమెకు ఇంకా జవాబు చెప్పినట్టు లేదు. చెప్పిందేమో.

జూన్ 12, గురువారం

స్నానం అయి, పూలు కోసుకుని, పటం ముందు కూర్చున్నాను. పక్కగదిలో తిరగమోత. వెల్లుల్లి కొంచెం ఎక్కువ వేస్తుంది అది.

"అక్కా, ఉప్మా అయింది. వేడిమీద తిందువు రా."

పూజ కాలేదన్నాను. "సరే" అంది. గిన్నె మీద మూత బోర్లించిన చప్పుడు. కాసేపటికి మిషన్ మొదలైంది.

పూజ ముగించి వెళ్ళేసరికి చల్లారిపోయింది. అక్కడే, దాని గడప దగ్గర కూర్చుని తిన్నాను. ఇంకొకరు వండి మూతపెట్టిన తిండి తిని ఎంతకాలమైందో. ఉప్పు తక్కువే. ఆ మాట అనలేదు.

రేపూ పిలుస్తానంది.

పూజ ముందా, ఉప్మా ముందా, ఇంకా తేల్చుకోలేదు. వేడిమీద ఎట్లా ఉంటుందో మరి...