చచ్చిన నాచుకూ మేత

అవ్వా,

నువ్వు పోయాక ఇది మొదటి పెత్రమాస, పోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. ల్యాబుకు సెలవు పెట్టి, కామారెడ్డిలో బస్సు మారి మన ఊరు ఎల్లారెడ్డికి వచ్చాను.

నా పనేమిటని ఓసారి బీడీలు చుడుతూ అడిగావు. సముద్రపు నాచుకు, తర్వాత కనిపెట్టేలా గుర్తు కలిపిన మేత వేసి, దాంతో అది ఎంత కొత్త ప్రోటీను చేసుకుందో కొలుస్తామన్నాను. పక్కనే ముందుగా చంపిన నాచు సీసా ఒకటి పెట్టి, దానికీ అంతే మేత వేస్తామన్నాను.

"సచ్చినదానికి గూడ బువ్వ పెడ్తరా బిడ్డా?" అని నవ్వావు.

"సచ్చినదానికి ఉత్తగ అంటుకున్నది లెక్కల కెల్లి తీసెయ్యాలె. దానికి పెట్టకుంటే బతికినది నిజంగ ఎంత తిన్నదో తెల్వదవ్వా."

ఈ రోజు నీ ఫొటో ముందు విస్తరి వేసి అన్నం, పచ్చిపులుసు మాతో సమానంగా వడ్డించాను.

"గంత పెట్టినవేంది చెల్లె? అవ్వ తింటదా?" అన్నాడు అన్న.

తక్కువ పెడితే లెక్క కుదరదని చెప్పాను.