చెరగని సుద్దగీతలు

లక్ష్మక్కా,

జ్వరంతో నువ్వు పోయి నేటికి ఏడాది. నానక్‌రామ్‌గూడలో మన కూలీల షెడ్లలో జ్వరమొచ్చిన ప్రతి ఇంటి తలుపు మీదా, లెక్క తెలియాలని సుద్దగీత గీసేదానివి. "పనోళ్లు బెదిరి పారిపోతరు" అని మేస్త్రీ తుడిచేసేవాడు. చివరి గీత నీ తలుపు మీదే గీసుకున్నావు. అదీ తుడిచాడు.

నేను కాపలా కాసే ఆఫీసు టవర్‌లో, ప్రపంచంలో ఎక్కడ రోగం పుట్టినా ముందే చెప్పే తెర పెట్టారు నిన్న. "మా షెడ్లు కనబడతయా సార్?" అని దాన్ని బిగించిన ఇంజనీరును అడిగాను. "ఎవరైనా చెప్తేనే కదా తమ్ముడూ!" అన్నాడాయన. కోపంతో ఆ తెర మీద కరపత్రం రాసి పంచబోయాను. కానీ ఆయన మాట నిజమే, మన జ్వరాల లెక్క బయటికి ఎవరూ చెప్పలేదు.

ఈ పొద్దున జ్వరమున్న ఐదు ఇళ్ల తలుపుల మీద గీతలు గీసి, బస్తీ దవాఖాన డాక్టరమ్మను తీసుకొచ్చాను. మేస్త్రీ తడిగుడ్డతో వచ్చాడు. పక్క షెడ్డు పోచవ్వ అడ్డం నిలబడింది. "డాక్టరమ్మ లెక్కవెడుతున్నది. ఆ గుడ్డతోని నీ మొఖం తుడుసుకో!"

ఈసారి ఒక్క గీతా చెరగలేదక్కా.