ముద్దలు కలిపే చెయ్యి

బావా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే రాజాం నుంచి ఈ ఉత్తరం. చింపేయకుండా చివరిదాకా చదువు.

"మూర్సరోగం దాసీసి పిల్లని మాకంటగట్టీసినారు" అని అత్త నన్ను పుట్టింటికి పంపేసింది. పాపని మాత్రం ఉంచేసుకుంది.

నిన్న స్కానింగ్ తీశారు. ఇది పుట్టుకతో వచ్చిన మూర్ఛ కాదు. నా మెదడులో బద్దెపురుగు తిత్తులున్నాయి. "నానెప్పుడూ పందిమాంసం ముట్టనేదు, నాకెలగొస్తాది?" అని డాక్టరమ్మతో గొడవపడ్డాను. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ల కడుపులో ఈ పురుగు పెరుగుతుందట. వాళ్లకి ఏ బాధా తెలియకపోవచ్చట. దొడ్డికెళ్లి చేతులు సరిగా కడుక్కోకపోతే, ఆ చేత్తో పెట్టిన తిండిలో దాని గుడ్లు పక్కవాళ్లకి చేరి, మెదడులో ఇలా తిత్తులు కడతాయట.

నేను ఎవరి పేరూ రాయను. ఇంట్లో అందరికీ మల పరీక్ష చేయించు. పురుగుంటే మాత్రలతో పోతుందట. మనింట్లో పందిమాంసం ఎవరికి ఇష్టమో, పొద్దున్నే అందరికీ చద్దన్నం ముద్దలు ఎవరు కలిపి పెడతారో నీకు తెలుసు.

నన్ను తీసుకెళ్లమని అడగడం లేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ఈ ఉత్తరం అందిన పూట నుంచి పాపకి అన్నం నువ్వే కలిపి పెట్టు. సబ్బుతో చేతులు కడుక్కుని పెట్టు.

పాప తల్లి