సద్దిగిన్నెలో సొట్ట

అన్నా,

బొగ్గుబాయిలో పైకప్పు కూలి నువ్వు పోయి నేటికి ఏడాది. అక్కడి నుంచి నలిగి వచ్చిన నీ సత్తు సద్దిగిన్నెను నిన్ను కన్న అవ్వ మొన్న నా కొలిమి ముందు పెట్టి, దాంతో తనకొక పళ్లెం చేసిమ్మంది. మంచిర్యాలలో ఇప్పుడు పాత సత్తు సామానంతా కరిగిస్తున్నారు. నేనూ కరిగిస్తానన్నాను.

"వద్దు బిడ్డా. కరిగితె వాడు అండ్లకెల్లి ఎల్లిపోతడు," అంది.

అందుకే నిప్పు తగలకుండా కోసి, కొయ్యసుత్తితో సాపు చేసి, పళ్లెంగా మలిచాను. అంచున ఒక్క సొట్ట మిగిలింది. సాయంత్రం దాన్ని నున్నగా కొట్టాను. తెల్లారేసరికి మళ్లీ అక్కడే ఉంది. సత్తు పాత వంపుకు తిరగడం మామూలేనని నాకు నేనే చెప్పుకుని ఇంకోసారి కొట్టాను. మళ్లీ వచ్చింది. ఈసారి సుత్తి ఎత్తగానే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఇగ కొట్టకురా. వానికి నొస్తది."

పళ్లెం ఒళ్లో పెట్టుకుని సొట్టలో బొటనవేలు ఆనించింది. "గిక్కడ జర ముట్టి సూడు, ఎంత ఎచ్చగున్నదో!"

ఆమెను నొప్పించలేక నేనూ ముట్టాను. పళ్లెమంతా చల్లగా ఉంది. ఆ చోటు మాత్రం జ్వరమొచ్చిన ఒళ్లులా ఉంది.

నువ్వు పోయినప్పటి నుంచి అవ్వ కడుపునిండా తిన్నది ఆ పూటే, ఆ పళ్లెంలోనే అన్నా. నాకే ముద్ద దిగలేదు.

నీ తమ్ముడు