మెట్లు లేని వేసవి

హాలో మిల్, వెర్మాంట్
14 జులై 1953, మంగళవారం

అత్తయ్యగారికి,

మీ అల్లుడు లైమన్ నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. ‘మేమిద్దరం క్షేమం’ అని రాయడానికి చెయ్యి అలవాటు పడిపోయింది. ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. చికోపీలో మీరూ, మీ అన్నగారి అబ్బాయి కాజిక్ కుటుంబమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాళ్ల నొప్పుల సంగతి రాయలేదు. తగ్గలేదని అర్థం చేసుకున్నాను.

మీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి నాకు వీలైన వరుసలో జవాబు చెబుతాను. కష్టమైనది చివర.

వేళకి తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. నటులందరం టటిల్‌గారి ఇంట్లోనే ఉంటున్నాం. శనివారం ఆవిడ చిక్కుడు గింజలు పెడుతుంది. ఆదివారం మిగిలిన చిక్కుడు గింజలు పెడుతుంది. ఎవరూ అలిగి లేచిపోలేదు.

మీ అమ్మాయి సమాధి రాయి మీద పేరు మీ ఇష్టప్రకారమే చెక్కించండి. మీరు బాప్తిస్మంలో పెట్టిన పేరు, స్టెఫానియా. నాటకాల కోసం పెట్టుకున్న పేరు రాయికి అక్కర్లేదు. నాకూ ఆమె స్టెఫ్కాయే.

టైర్ల కంపెనీ ఆఫీసులో నాకు ఉద్యోగం మాట్లాడినందుకు మీ తమ్ముడిగారికి కృతజ్ఞతలు చెప్పండి. నేను రాను. కాలేజీలో చదివినవాడు గడ్డి కొట్టంలో ముఖానికి రంగు పూసుకుని గంతులేయడమేమిటని రాశారు. వేసవిలో ఆ కొట్టమే మా నాటకశాల. గంతులు తక్కువేనండి. పొద్దున పదింటికి వచ్చే వారం ఆడబోయే నాటకం నేర్చుకుంటాం. సాయంత్రం ఈ వారం నాటకం ఆడతాం. ఈ రెంటి మధ్య, పోయిన వారం ఆడినదాన్ని మరచిపోవాలి. కష్టమంతా ఆ మూడో పనిలోనే. ఇరవై ఆరేళ్లకి నాకు చేతనైన పని ఇదొక్కటే. దీన్ని వదలను.

ఇక పెట్టె సంగతి.

మీరు కుట్టిన బట్టలున్న ఆమె పెట్టె నా దగ్గరే ఉంది. అద్దెగదిలో వదిలి రాలేక వెంట తెచ్చుకున్నాను. జూన్ ఇరవై దాకా తాళం తీయలేదు. ఆ రోజు తీశాను. ఎందుకో చెబుతాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఈ కాలపు కథ అయితే ఎవరి బట్టలు వాళ్లే తెచ్చుకోవాలి. అందుకే మా యజమాని ఏమ్స్ ఆడపిల్లల్ని నీకు నటించడం వచ్చా అని అడిగేముందు నీ దగ్గర ఏమేం బట్టలున్నాయని అడుగుతాడు. ఈ ఏడు పెగ్ హాలోరన్ అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి వచ్చింది. సూట్లు రెండు, సాయంత్రపు గౌను ఒకటి, మధ్యాహ్నపు గౌన్లు మూడు ఉన్నాయని ఉత్తరంలో రాసి చోటు సంపాదించింది. తీరా సంచీ తెరిస్తే ఒక నూలు గౌను, వాళ్ల అన్న వాన కోటు.

“ఇవేనా?” అన్నాడు ఏమ్స్. “రేపు గొప్పింటి కోడలి వేషం వేయమంటే వాన కోటులో వస్తావా?”

“గొప్పిళ్ల మీద వాన పడదా సార్?” అంది పెగ్.

“నోరు బాగానే ఉంది. బట్టల్లేవు. బస్సు నాలుగింటికి.”

అంతకు గంట ముందు ఆ అమ్మాయి ఒక దృశ్యం చదివింది. నేను ఎదుట చదివాను. అత్తయ్యగారూ, ఈ పనిలో నాకు తెలిసిన సంగతులు కొన్నే. అందులో ఒకటి, ఎదుటి మనిషి నిజంగా వింటోందా లేదా అన్నది. పెగ్ వింటుంది. నేనిప్పటి దాకా అలా వినేవాళ్లని ఇద్దర్నే చూశాను.

పైకి వెళ్లి పెట్టె దింపుకొచ్చాను.

“ఎవరివి ఇవి?” అంది పెగ్.

“నా భార్యవి.”

“ఆవిడ ఏమీ అనుకోదా?”

“అనుకోదు.”

మర్నాడు పొద్దున టటిల్‌గారు అసలు సంగతి చెప్పినట్టుంది. పెగ్ బట్టలన్నీ మడతపెట్టి నా గుమ్మంలోకి తెచ్చింది. మొహం ఎర్రగా ఉంది. “నాతో ఎందుకు చెప్పలేదు? చచ్చిపోయినావిడ బట్టలు నేనెలా వేసుకుంటాననుకున్నావ్?”

“చేతులు దూర్చి,” అన్నాను. “నాలుగింటి బస్సు రోజూ ఉంటుంది పెగ్. ఎక్కాలనుంటే ఎక్కు.”

పెగ్ ఆ బట్టలు మడతలు విప్పకుండా వెనక్కి తీసుకెళ్లింది.

ఆ అమ్మాయి స్టెఫ్కా కన్నా రెండు వేళ్లు పొడుగు. అంచులు దించక తప్పలేదు. మీ కుట్టు ఎక్కడా కత్తిరించలేదు, కింద మడత విప్పారంతే. ఆ పని టటిల్‌గారు చేసింది. ఒక్క అంచు విప్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది. “ఇంత దగ్గర కుట్టు వేసినావిడ ఎవరో గానీ, దారాన్ని కూడా నమ్మదు,” అని గొణిగింది. మా అత్తగారని చెప్పాను. “అయితే నీ మీద జాలేస్తోంది,” అంది. ఫిబ్రవరిలో స్టెఫ్కా పోయాక నేను నవ్వింది అప్పుడే. మీకు కోపం వస్తే రానివ్వండి, జరిగింది రాస్తున్నాను.

ఇప్పుడు మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్న. ‘నీకు ముందే తెలుసా? దీనికి మటుకు జవాబు చెప్పు,’ అని రాసి కింద రెండు గీతలు గీశారు. చెబుతాను. దానికి ముందు పోయిన బుధవారం జరిగింది చెప్పాలి.

ఆ వారం మేము ఆడినది దీవిలో చిక్కుకున్న ఒక కుటుంబం కథ. అందులో పెగ్ మేడ మీద నుంచి మెట్లు దిగి రావాలి. నేను కింద నిలబడి, “పడవ వస్తుందా?” అని అడగాలి. సోమ, మంగళవారాలు సవ్యంగా గడిచాయి. ఆ రెండు రోజులూ పెగ్ సూటు వేసుకుంది. బుధవారం మధ్యాహ్నం ఆటకి సూటు ఉతుకులో ఉందని, బూడిదరంగు పట్టు గౌను వేసుకుంది. పన్నెండు గుండీలకీ మీరు గుడ్డ తొడిగి కుట్టిన గౌను. నాతో ముందు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

ఆ గౌను మెట్ల మీద కనిపించింది. ఒక్కొక్క మెట్టే దిగుతోంది. నేను నోరు తెరిచి, “రైలు వెళ్లిపోయిందిగా, ఇంకెందుకు తొందర?” అన్నాను.

అది నిరుడు స్టెఫ్కాతో ఆడిన నాటకంలోది. మా పనిలో ఇలాంటివి జరుగుతాయి. వారానికో నాటకం బుర్రలో కుక్కుకునేవాళ్లకి అడుగున ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలుతుంది. కానీ అప్పటికి నాకు అది పొరపాటని కూడా తెలియలేదు. జవాబు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను.

పెగ్ ఆగలేదు. ఇంకో మెట్టు దిగి, “ఈ దీవికి రైలు రావాలంటే ముందు ఎవరైనా వంతెన కట్టాలి. పడవ సంగతి అడుగు,” అంది.

జనం గొల్లున నవ్వారు. నేను పడవ సంగతి అడిగాను. ఆట సాగింది.

తెర పడ్డాక ఏమ్స్ వచ్చాడు. “ఏమయ్యా, దీవికి రైలేశావు, బావుంది. స్టేషను ఎక్కడ కడదాం?” అన్నాడు. నాటకాలు కలిపేసినవాళ్లు ఆదివారం అందరికీ బంగాళాదుంపలు చెక్కాలని మా మధ్య శిక్ష. చెక్కాను. పెగ్ వచ్చి పక్కన కూర్చుని, అడక్కుండానే రెండో కత్తి తీసుకుంది. “మెట్ల మీద ఆ గౌను చూడటం వల్లేనా?” అంది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. మీరు అడిగారు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆఖరి వేసవిలో స్టెఫ్కా ఏ గౌనుతోనూ మెట్లు దిగగా జనం చూడలేదు. నిరుడు పది వారాల్లో పది నాటకాలు ఆడాం. ఒక్కదానికీ రంగస్థలం మీద మెట్లు కట్టలేదు. కట్టొద్దని ఏమ్స్‌ని బతిమాలింది నేనే. మోకాలు దెబ్బతిందని, ఎక్కి దిగలేనని అబద్ధం చెప్పాను. అబద్ధం నిలబెట్టుకోడానికి వేసవంతా కుంటుతూ నడిచాను. “పాతికేళ్లకే కుంటి నటుడివి, ఇక ముసలి వేషాలకి తిరుగులేదు,” అని ఏమ్స్ వెక్కిరించేవాడు. స్టెఫ్కా తెర వెనక నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒక్కోసారి నేను కాలు మార్చి కుంటేవాణ్ణి. అప్పుడైతే ఆమె నవ్వు ఆగేది కాదు.

అవును, నాకు తెలుసు. నిరుడు మే నెలలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. చిన్నప్పటి జ్వరం గుండె కవాటాన్ని తినేసిందన్నాడు. మెట్లు వద్దు, పని వద్దు, పడుకుని ఉంటే కొన్నేళ్లు గడవచ్చు, ఎన్నో చెప్పలేనన్నాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. బస్సు ఊరు దాటింది. ఆ తర్వాత, “పది వారాలు, లైమన్. ఆ తర్వాత ఎంతసేపు పడుకోమంటే అంతసేపు పడుకుంటా,” అంది.

“మీ అమ్మతో చెబుదాం,” అన్నాను.

“చెబితే తలుపుకి తాళం వేస్తుంది. పొద్దస్తమానం పక్కన కూర్చుని చాకిరీ చేస్తుంది. ఆవిడ మొహం చూస్తూ నేను రోజూ కొంచెం కొంచెం చస్తాను. అమ్మకి చెప్పనని ఒట్టు పెట్టు.”

పెట్టాను. నేను ఆమెని లాక్కెళ్లాననే కదా మీరనుకుంటున్నారు. అలా అయితే మీకు సులువు. నన్ను తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ అది మీ కూతుర్ని తక్కువ చేయడం. ఆమెని ఎవరూ ఎక్కడికీ లాక్కెళ్లలేరు. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

ఆ గుడ్డలే ఆమె ప్రాణం తీశాయి, కత్తిరించి చర్చి పిల్లలకి లంగాలు కుడతానని రాశారు. గుడ్డలు తీయలేదు. నాటకమూ తీయలేదు. తొమ్మిదేళ్లప్పుడు వచ్చిన జ్వరం తీసింది. అప్పుడు మీరు నలభై రోజులు మంచం పక్క నుంచి కదల్లేదని ఆమె నాతో చెప్పింది. ఆ జ్వరం మీ తప్పు కాదు. మిగిలిన బతుకుతో ఏం చేయాలో తేల్చుకోవడం ఆమె తప్పూ కాదు.

శనివారం కాజిక్ లారీ వేసుకొచ్చి పెట్టె తీసుకెళతాడని రాశారు. పంపకండి. అతను నాకన్నా బలశాలి. అయినా గుమ్మంలో నిలబడతాను. ఆ పెట్టె వెళ్లిపోతే అదే రోజు ఆ అమ్మాయి నాలుగింటి బస్సు ఎక్కాలి. నేను ఎక్కనివ్వను.

మీరు రండి. ఇరవై రెండో తేదీ బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆట ఉంది. మూడో వరుసలో మీకు కుర్చీ ఉంచుతాను. మీ చేతి కుట్టు మీద వెలుతురు పడితే ఎలా ఉంటుందో ఆరేళ్లుగా ఊళ్లలో జనం చూశారు. మీరు ఒక్కసారీ చూడలేదు. ఎన్నిసార్లు పిలిచినా మీరు రాలేదని ఆమె ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. నేను ఆడుతున్నాను.

చూశాక కూడా కత్తిరించాలనే అనిపిస్తే తాళంచెవి మీ చేతికే ఇస్తాను. అడ్డం రాను. చూడకుండా మాత్రం ఒక్క గుండీ కూడా ఇవ్వను.

మీకు చెప్పకపోవడం నా తప్పు. ఫిబ్రవరిలో మీ ఇంటి వంటగదిలో నిలబెట్టి, ఇది ఎప్పటినుంచి అని మీరు అడిగితే నేల చూశాను. అది ఇంకా పెద్ద తప్పు. ఆ రెంటికీ మిమ్మల్ని క్షమించమని అడుగుతున్నాను.

ఆమెని ఆడనిచ్చినందుకు అడగను.

ఇట్లు,
స్టెఫ్కా భర్త, మీ అల్లుడు
లైమన్