ఏ చేదాకైనా పరవాలేదు

ప్రియమైన అక్కకి,
మీ హాస్టల్ వంటగదిలో అలసందల డ్రమ్ము మూత తీస్తే "గింజలకే కాళ్లొచ్చి నడుస్తున్నాయి" అని రాశావే, చదివి నవ్వాగలేదు. అవి పెంకుపురుగులు. మా ల్యాబులో రోజూ వాటితోనే కాపురం. విషపు మాత్రలు మాత్రం పెట్టకు. గింజలు ఎండబోసి, మధ్యమధ్య ఎండిన వేపాకు వెయ్యి. వేప దొరక్కపోతే ఏ చేదాకైనా పరవాలేదు. ఆకుమందు కదా, మనుషులకేం కాదు.
నీ చిన్నోడు

ఒరే చిన్నోడా,
నీ నోట్లో చక్కెర పొయ్య! పది రోజులకే డ్రమ్ములో కదిలే పురుగు ఒక్కటీ లేదు. మా స్టోరు గుమస్తా నోరెళ్లబెట్టాడు. ఇక్కడ వేపచెట్టు లేదురా. గోడ పక్కన గన్నేరు గుబురుగా ఉంది, పశువు కూడా దానికి మూతి పెట్టదు. అంతకన్నా చేదేముంటుంది? ఆ ఆకే ఎండబెట్టి, దంచి, గింజలకు పట్టించాను. సోమవారం అరవైమంది పిల్లలకూ అవే వండుతున్నా.
ప్రేమతో, అక్క

అక్కా, వండకు!
గన్నేరు గుండె ఆపేసే విషం. కడిగినా ఉడికించినా పోదు. నీ ఉత్తరం ఈ సోమవారం పొద్దునే అందింది. హాస్టల్ ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తరు. విరిగిన కాలికి ఈ కట్టే లేకపోతే నేనే పరుగెత్తుకొచ్చేవాణ్ణి. బస్సు డ్రైవర్ కాళ్లావేళ్లా పడి ఈ చీటీ పంపుతున్నా. ఎవరైనా తిని ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ చేదాకైనా అని రాసింది ఈ చెయ్యేనక్కా.
చిన్నోడు

చిన్నోడా,
ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నా. భయపడకు, నాడి దారికొచ్చింది.
నీ చీటీ వచ్చేసరికే నన్నిక్కడికి మోసుకొచ్చారు. ఉప్పు చూద్దామని గరిటెడు నోట్లో పోసుకున్నాను. చేదనిపించి ఇంకో గరిటె తాగి చూశాను. కాసేపటికి వాంతులు, కళ్ల ముందు లోకమంతా పచ్చబడింది. "వడ్డించకండి!" అని అరిచాను. గుమస్తా "పిల్లలు కూర్చున్నారక్కా, ఇప్పుడెలా?" అన్నాడు. అతనికి చెప్పే ఓపిక లేక, అంట్లు తోమిన సబ్బునీళ్లు బకెట్టుడూ గుండిగలో కుమ్మరించి, అక్కడే పడిపోయాను.
ఒక్క బిడ్డా తినలేదు.
అరవై పళ్లేలు వరసగా పరిచి ఉన్నాయిరా. నిన్ను తిట్టాలనే కాగితం తెప్పించుకున్నా. కానీ అడక్కుండా ఆ ఆకు కోసింది నేనే కదా. డ్రమ్ము మొత్తం గోతిలో పూడ్పించాను.
ఆ పూట అన్నం ఆలస్యమైందని పిల్లలు పళ్లేలు మోగిస్తూ ఒకటే గోలట. ఆ చప్పుడు వినలేకపోయానే అన్నదొక్కటే నా బాధ.
నీ అక్క