నిమిషానికి నూట ఇరవై మాటలు

ఉప్పుగూడ, హైదరాబాదు,
12 ఆగస్టు 2001, ఆదివారం.

ప్రియమైన రాగసుధకు,

ఆండాలు నమస్కారాలు. మా ఇంట్లో అందరం బాగున్నాం. కర్నూలులో నువ్వూ, మీవాళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తూ మొదలుపెడుతున్నాను. కవరు మీద నా చేతిరాత చూసి చించేయకుండా ఇంతవరకు చదివావంటే అదే పదివేలు.

ముందు కబురు చెబుతాను. నాకు కోర్టులో స్టెనోగా ఉద్యోగం వచ్చింది. చేరి పన్నెండు రోజులైంది. మొదటి రోజు జడ్జిగారు ఏడు పేజీల ఆర్డరు ఆగకుండా చెప్పి, “ఏదీ, చదవండి” అన్నారు. చదివాను. ఒక్కచోట కూడా తడబడలేదు. ఆయన తలూపి మరో ఫైలు అందుకున్నారు. బయటికొచ్చి వరండాలో నిలబడితే ఎవరికి చెప్పాలో తోచలేదు. నీకే చెప్పాలనిపించింది.

నువ్వు కర్నూలులో స్టెనో ఉద్యోగానికి వెళ్తూ మలక్‌పేట స్టేషన్లో నా చేతిలో పెట్టిన ఆ క్యాసెట్ ప్లేయర్ ఇంకా నా దగ్గరే ఉంది. మీ బాబాయిగారిది, అరచేతంతది, అంచుల్లో రంగు పోయింది. దానితోపాటు మూడు డిక్టేషన్ టేపులిచ్చి, “ఇన్‌స్టిట్యూట్ టైము చాలదే, ఇంట్లో కూడా రాస్తూ ఉండు” అన్నావు. రాశాను. రోజూ తెల్లవారుజామున నాన్న గుడికి వెళ్ళగానే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నిమిషానికి నూట ఇరవై మాటల టేపు వేసుకుని, ఒక్క మాట పోకుండా రాసేదాన్ని. కానీ షార్ట్‌హ్యాండ్ పరీక్షలో రెండో నిమిషానికే చెయ్యి వెనకబడేది, నాలుగో నిమిషానికి కాగితం ఖాళీ. రెండుసార్లు అలాగే తప్పాను. రెండోసారి నాన్న నన్ను కూర్చోబెట్టి, “ఇంకొక్కసారి రాయి బిడ్డా. గప్పుడు గూడ గాకుంటే ఇడిసిపెట్టు, ఫికర్ చెయ్యకు” అన్నాడు. ఆ మాటకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ప్లేయర్ పూర్తిగా మొరాయించింది. ఫలక్‌నుమా స్టేషన్ పక్కన రేడియోలు బాగుచేసే బసవయ్య కాకా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూత విప్పి, లోపలి బెల్టును పట్టకారుతో పైకెత్తాడు. సన్నటి రబ్బరు ఉంగరం. వదులై వేలాడుతోంది.

“సూడు బిడ్డా, ఎంత సాగిందో. మోటరు తిరుగుతది గని చక్రం ఎనక జారుతది.”

డబ్బాలోంచి ఒక బెల్టు తీసి వేస్తే లావై పట్టేసింది. ఇంకొకటి వెతికి, చక్రాలకంటిన నల్లటి జిగురును స్పిరిట్ దూదితో తుడిచి, ముందు పెద్ద చక్రానికీ తర్వాత మోటరు మొనకూ తగిలించాడు. టేపు వేశాం. ఆ చదివే మనిషి ఒక్కసారిగా పరుగందుకున్నాడు.

“గిట్ల ఉరుకుతుందేంది కాకా? ఖరాబ్ చేసినవ్. ఎప్పటి లెక్క చెయ్” అని లొల్లి చేశాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. టేపులో నిమిషానికోసారి గంట మోగుతుందిగా, దాన్నీ గోడ గడియారాన్నీ కలిపి చూడమన్నాడు. సరిగ్గా అరవై సెకన్లు. మళ్ళీ పాత బెల్టు తగిలించి, చక్రాన్ని వేలితో అందించి తిప్పాడు. గంటకూ గంటకూ మధ్య డెబ్బై రెండు సెకన్లు. “నువ్వు నూట ఇరవై అనుకుంటున్నవ్. రాసేది నూరే” అన్నాడు.

ఇంటికొచ్చి నేను చేసిన పని నీకు తెలుసు. నన్ను నీ అంత కానివ్వకూడదనే, బెల్టు సాగి నూట ఇరవైని నూరు చేసే పాడైపోయిన మిషన్ అంటగట్టావని ఉత్తరం రాశాను. స్నేహితురాలివి కావని రాశాను. పోస్టులో వేసి వచ్చి అన్నం కూడా తిన్నాను.

దానికి జవాబు రాలేదు. రెండు నెలలకు పార్సెల్ వచ్చింది. అగ్గిపెట్టెలో ఆరు కొత్త బెల్టులు. ఏ కొలత చెప్పి, ఎవరినడిగి తెచ్చావో! వాటి కింద పదకొండు టేపులు. ఉత్తరం లేదు. వేసి చూస్తే నీ గొంతు. ఇంగ్లీషు పేపరు సంపాదకీయాలు, గడియారం పెట్టుకుని, నూరు నుంచి నూట ముప్పై దాకా మెట్లు మెట్లుగా చదివావు. ఒక టేపులో కుక్కర్ మూడు కూతలు కూస్తుంది, నువ్వు ఆగవు. ఇంకోదాంట్లో నీకు జలుబు. ఆఫీసులో పొద్దంతా రాసి వచ్చి, తిట్టిన మనిషి కోసం చదివావు. ప్రతి టేపు చివరా ఒక్క తెలుగు ముక్క: “ఆపకు. మళ్ళీ రాయి.”

బెల్టు వేయడం బసవయ్య కాకా దగ్గర నేర్చుకున్నాను. నాలుగు మరలు విప్పడం, తుడవడం, తగిలించడం అంతా నేనే. బోనాల మైకులు మోగుతుంటే ఇయర్‌ఫోన్లో నువ్వు. మూడోసారి పాసయ్యాను, సుధా. ఆ కాగితంలో ఖాళీ లేదు. నాన్న పరీక్ష నంబరున్న పేపరు మడిచి దేవుడి దగ్గర పెట్టాడు. ఆ సాయంత్రమే బసవయ్య కాకాకు చెప్పాను. ఆయన నవ్వి, “మస్తు ఖుషీ బిడ్డా. గా టేపులు సదివిన పిల్లకు చెప్పినవా?” అని అడిగాడు. చెప్పలేదన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను. నా చేతిలో ఈ పని నిలబడిందంటే నీ వల్ల. నేనంత మాట అన్నాక కూడా నా వేగం ఎంతో, నాకేం కావాలో ఆలోచించిన మనిషివి నువ్వొక్కదానివే. ఈ మేలు తీర్చగలనని అనుకోను. మరిచిపోను, అంతే.

పెద్దవాళ్ళకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నిన్ను నొప్పించి, నీ వల్లే నిలబడిన
ఆండాలు

తా.క.: పాసైన రోజే ఉత్తరం రాయాల్సింది. మూడేళ్ళుగా ఈ ముక్క దగ్గరే ఆగిపోతున్నాను. ఆ ప్లేయర్ మెల్లగా తిరుగుతోందని నాకు మొదటి నెలలోనే తెలుసు. అమ్మ పాశురాలు పాడిన టేపొకటి అందులో వేసి విన్నాను. అమ్మ గొంతు మగవాళ్ళ గొంతులా వచ్చింది. గబుక్కున తీసి దాచేశాను. మెల్లగా ఉంటే ఒక్క మాటా పోయేది కాదు, నూట ఇరవై వచ్చేసిందని ఇంట్లో చెప్పుకోవచ్చు. నాకదే కావాలనిపించింది. నీ మీద నింద వేస్తున్నప్పుడు కూడా తెలుసు. తప్పు నాదేనని నాన్నకు నిన్న చెప్పాను. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు కర్నూలు వస్తున్నాను. నీ ఎదురుగా నిలబడి ఇదే మాట చెప్పాలి. తలుపు తీయాలో వద్దో నీ ఇష్టం.